రండి ఉరుముగారూ

పక్కింటోళ్ళు అనే ర్యాప్ గ్రూపులో ఉన్నది ఇద్దరే. మొదట్లో నలుగురుండేవారు. ఒకడికి పెళ్ళయింది, ఇంకొకడికి గొంతు పోయింది. రెండూ ఒకే నెలలో జరిగాయి.

మిగిలిన ఇద్దరిలో ఒకతను సెలూన్ నడిపే కత్తెర. అది అతని పాటల పేరు. అసలు పేరు వాళ్ళమ్మకి కోపం వచ్చినప్పుడు మాత్రమే బయటికొస్తుంది. రెండో ఆవిడ హైస్కూల్లో వ్యాకరణం చెప్పే టీచరమ్మ. నలభై అయిదేళ్ళ మనిషి, కళ్ళజోడుకి తాడు కట్టుకుని మెళ్ళో వేసుకుంటుంది. కత్తెర రాసిన పాటలన్నీ ఆవిడ దగ్గరికి వెళ్ళి ఎర్ర సిరా పూసుకుని తిరిగొస్తాయి. "ఇక్కడ ఒత్తు పోయింది." "ఇక్కడ లయ కుంటుతోంది." "ఇది ఉత్త కేక. తిట్టు కాదు. అర్థం ఉన్న తిట్టు రాయి."

వాళ్ళు పాడేది టీవీలో వార్తలు చదివే భాషలో కాదు. వాళ్ళ వైపు జనం గోడ మీదుగా పోట్లాడుకునే భాషలో. అదే వాళ్ళ గొప్ప. ఆరేళ్ళపాటు కాలేజీ వార్షికోత్సవాల్లోనూ, కొత్త షాపుల ప్రారంభాల్లోనూ పాడి పాడి, చివరికి సొంతంగా ఒక ఆల్బం చేయాలని కూర్చున్నారు. మొత్తం తొమ్మిది పాటలు. అందులో ఏడు పాటలు ఒకే మనిషిని తిట్టేవి.

ఆ మనిషి పేరు ఉరుము. రైలుపట్టాలకి అవతలి వైపు ఉండే ఇంకో గ్రూపుకి నాయకుడు. పగలు బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. అతనితో కత్తెరకి తగాదా వచ్చింది ఒక్క మాట దగ్గరే. అయిదేళ్ళ కిందట ఒక పోటీలో ఉరుముకి మొదటి బహుమతి, కత్తెరకి రెండోది వచ్చాయి. అప్పుడు ఉరుము మైకు పుచ్చుకుని, "తమ్ముడు కూడా బాగా పాడాడు" అని పాటలాగే అన్నాడు. అంతే. రెండో బహుమతినైనా మింగగలిగాడు గానీ ఆ 'తమ్ముడు' కత్తెరకి ఇప్పటికీ గొంతులోనే ఉంది.

ఆల్బం పేరు 'గొడుగక్కర్లేదు'. ఉరుము వచ్చినా తడిసేదేమీ లేదని భావం. టీచరమ్మ పెట్టిన పేరు. ఆ రోజు స్టాఫ్ రూములో కూర్చుని తనలో తనే ఎంత నవ్వుకుందంటే లెక్కల మాస్టారు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

పరుపుల షాపు వెనకున్న గదే స్టూడియో. నాలుగు గోడలకీ అమ్ముడుపోని పరుపులు నిలబెట్టి ఉంటాయి. వాటి మీద 'వెన్నునొప్పికి శ్రేష్ఠం' అన్న చీటీలు ఇంకా ఊడలేదు. స్టూడియో యజమానిని అందరూ సౌండాయన అంటారు. సభలకి మైకులు కట్టీ కట్టీ అరవయ్యేళ్ళు తెచ్చుకున్న మనిషి. కుట్టుమిషన్ చప్పుడు, లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు, మెట్ల మీద చెప్పుల చప్పుడు రికార్డు చేసుకొచ్చి వాటిని తాళాలుగా మార్చేస్తాడు. ఎంత బాగా పాడినా "ఊఁ" అంటాడు. బాగా లేకపోతే అదీ అనడు.

రెండు ఆదివారాల్లో నాలుగు పాటలు పూర్తయ్యాయి. సౌండాయన మూడుసార్లు "ఊఁ" అన్నాడు. కత్తెర రెండు వారాలు సెలూన్లో అద్దం ముందు నిలబడి, గడ్డం నురగలో కూర్చున్న మనిషిని మర్చిపోయి, చెయ్యూపుతూ పాడుకున్నాడు. ఇద్దరు పాత కస్టమర్లు భయపడి గడ్డం పెంచడం మొదలుపెట్టారు.

మూడో వారం బుధవారం సెలూన్‌కి సెలవు. సాయంత్రం ఇంట్లో అమ్మ బట్టలు మడతపెడుతోంది. కత్తెర ఫ్యాను కింద తన కుర్చీలో పడుకున్నట్టు కూర్చున్నాడు. అక్క పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, తువ్వాలు వెతుక్కుంటూ చెప్పింది.

"అమ్మా, కాసేపట్లో ఒకాయన వస్తాడు. నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నా."

అక్కకి ముప్ఫై మూడేళ్ళు. పళ్ళ ల్యాబులో పనిచేస్తుంది. మైనంతో కట్టుడుపళ్ళు చెక్కుతుంది. పెళ్ళి మాటెత్తితే ఇన్నాళ్ళూ, "ముందు ఈ దవడ పూర్తవనీ" అని తప్పించుకుంటూ వచ్చింది. అలాంటి మనిషి ఇలా అనేసరికి అమ్మకి ఆనందం పట్టలేక తిట్లు తన్నుకొచ్చాయి.

"ఇప్పుడా చెప్పేది? ఇల్లు చూశావా ఎలా ఉందో! ఆ బట్టలన్నీ తియ్యరా! నువ్వు ముందు చొక్కా వేసుకో!"

కత్తెర చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వెళ్ళి తలుపు తీశాడు. గుమ్మంలో బేకరీ డబ్బా పట్టుకుని ఉరుము నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తడి తల, నున్నగా పక్కపాపిడి.

"ఏంటి, దారి తప్పావా?" అన్నాడు కత్తెర.

"న... నమస్తే" అన్నాడు ఉరుము.

తనని చూసి బెదిరాడనుకుని కత్తెర ఒక్క క్షణం పొంగిపోయాడు. ఆ క్షణం అక్కడితో అయిపోయింది. వెనక నుంచి అక్క, "తప్పలేదులే, లోపలికి రానీ" అంది. ఆ వెనకే అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, గుమ్మంలో నిలబెట్టేశావేంట్రా బావగారిని! కుర్చీ వెయ్యి!"

బావగారు. ఆ మాట కత్తెర నెత్తిన అలా పడింది. ఇంట్లో ఫ్యాను గాలి తగిలే కుర్చీ ఒక్కటే ఉంది. అది పోయింది. పళ్ళెం పట్టుకుని నిలబడమన్నారు, నిలబడ్డాడు. మంచినీళ్ళు తెమ్మన్నారు, తెచ్చాడు. ఉరుము గంటసేపు కూర్చుని, అడిగినదానికి తలూపుతూ, రెండు మూడు మాటలకి మించి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

తలుపు వేసి అమ్మ మురిసిపోయింది. "ఎంత నెమ్మదస్తుడే! పాపం, నోట్లో నాలుక లేదు."

నీళ్ళు తాగుతున్న కత్తెరకి పొలమారింది. అక్క వాడి నెత్తి మీద తడుతూ, "నాకు తెలుసులేరా. మీరు పాటల్లో తిట్టుకుంటారుగా. అది మీ ఉద్యోగం. ఇంట్లోకి తీసుకురాకు" అంది.

ఉద్యోగం అంది గానీ, ఆదివారం స్టూడియోలో అసలు చిక్కు తెలిసింది. అయిదో పాట పల్లవి ఇది:

ఉరుమొచ్చింది, ఊరంతా చూసింది,
చినుకొక్కటి రాలలేదు, చెవి మాత్రం నొప్పెట్టింది!
రారా ఉరుమా, నీ దుమ్ము దులుపుతా,
పళ్ళు రాలగొట్టి నీ చేతిలో పెడతా!

మొదటి రెండు వరుసలూ బాగానే వెళ్ళాయి. మూడో వరుసకి కత్తెర నోరు తెరిచాడు, అందులోంచి, "రండి ఉరుముగారూ" అని వచ్చింది.

సౌండాయన మిషన్ ఆపాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ "రండి" అనే వచ్చింది. మూడోసారి కత్తెర పళ్ళు బిగించి "రా" వరకూ లాక్కొచ్చాడు, చివర "ండి" దానంతటదే జారిపోయింది.

వాళ్ళ వైపు దేవుణ్ణయినా నువ్వు అనేస్తారు. అక్క మొగుణ్ణి మాత్రం మీరు అనాల్సిందే. పుట్టినప్పట్నుంచీ చెవిలో పోసిన సంగతది, మైకు ముందు నిలబడితే మాత్రం ఊడిపోతుందా?

"ఏంటిది?" అన్నాడు సౌండాయన. "తిడుతున్నావా, భోజనానికి పిలుస్తున్నావా?"

విషయం విని టీచరమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"పోనీ మర్యాదగానే తిట్టు. 'రండి ఉరుముగారూ, మీ దుమ్ము దులుపుతాం, పళ్ళు రాలగొట్టి మీ చేతిలో పెడతాం.' వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు."

"పళ్ళు రాలగొడతామంటే... మొన్న పై పన్ను ఒకటి మా అక్కే కట్టిందండీ ఆయనకి."

"ఆయనకా!" అంది టీచరమ్మ. "మొన్నటిదాకా వాడు, నేడు ఆయన. సర్వనామం మారిపోయాక ఇంకేం మిగిలిందయ్యా ఆల్బంలో?"

ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. రెండేళ్ళ సెలవులన్నీ ఆ తొమ్మిది పాటలకే పోశానంది. మీ ఇంటి పెళ్ళి కోసం నా ప్రాసలు నీళ్ళపాలు చేయలేనంది. వచ్చే ఆదివారానికి ఏదో ఒకటి తేల్చుకు రమ్మని, సంచీ భుజాన వేసుకుని, పరుపుల మధ్య దారి వెతుక్కుని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం కత్తెర సెలూన్ మూసి అక్క పనిచేసే ల్యాబుకి వెళ్ళాడు. కిటికీ పక్క బల్ల మీద ప్లాస్టర్ దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అక్క చిన్న కత్తితో మైనం గీకుతోంది.

"అక్కా, ఒకటి అడగనా? పన్ను కట్టావన్నావు సరే, అసలు ఆయన నీకెక్కడ నచ్చాడు?"

"ఇక్కడే. పాడుతుంటే మైకు తగిలి పన్ను విరిగిందట. రంగు సరిచూడ్డానికి డాక్టరు నా దగ్గరికి పంపాడు. పన్ను పెట్టాక మాటలు సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూడాలిగా, ఏదైనా మాట్లాడండి అన్నా. మనిషి నోరు తెరవడే! చెమటలు పట్టేశాయి. సరే, పాడండి పోనీ అన్నా. అప్పుడు మొదలుపెట్టాడు. అరగంట ఆపలేదు." అక్క మైనం మీద ఊదింది. "ఇంతకీ నువ్వెందుకొచ్చావు?"

కత్తెర ఫోను బయటికి తీశాడు. "పూర్తయిన పాటలు నాలుగున్నాయి. నువ్వు విని, ఉంచమంటే ఉంచుతా, తీసెయ్యమంటే తీసేస్తా."

అక్క చెవిలో పెట్టుకుని పని చేసుకుంటూనే విన్నది. మొదటి పాటకి నవ్వింది. రెండోదానికి కత్తి కింద పెట్టి మరీ నవ్వింది. మూడోదానికి, "టీచరమ్మ రాసింది కదూ ఇది? నీకింత తెలివెక్కడిది" అంది. నాలుగో పాట సగంలో ఆమె నవ్వు ఆగింది. చెవిలోది తీసి బల్ల మీద పెట్టింది.

ఆ పాటలో కత్తెర 'ఉ-ఉ-ఉ-ఉరుము' అని మాటమాటకీ తడబడుతూ వెక్కిరించాడు. ఎవరో కస్టమరు, ఆ ఉరుముకి చిన్నప్పుడు నత్తి ఉండేదట అని చెబితే పుట్టిన పాట. జనం బాగా నవ్వే పాట కూడా అదే.

"చిన్నప్పుడు కాదు. ఇప్పటికీ ఉంది" అంది అక్క. "పాడేటప్పుడు మాత్రం పోతుంది. అందుకే పాడతాడు."

కత్తెరకి గుమ్మంలో విన్న "న... నమస్తే" గుర్తొచ్చింది. తను పొంగిపోయిందీ గుర్తొచ్చింది. ఎదురుగా ఉన్న ప్లాస్టర్ దవడలన్నీ తననే చూసి నవ్వుతున్నట్టు అనిపించి తల దించుకున్నాడు.

"ఇదొక్కటీ తీసెయ్" అంది అక్క. "మిగతావి ఉంచు. నన్నడిగితే ఇంకా గట్టిగా తిట్టొచ్చు కూడా. నీకు ఆయన గురించి ఒక్క ముక్క తెలీదు, ఊరికే గాల్లో తిట్టావు. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"రాసుకో" అంది అక్క, మళ్ళీ కత్తి తీసుకుని. సినిమా మొదలవగానే నిద్రపోతాడంది. పావురాలంటే వణుకంది. ఉత్త చేత్తో పొయ్యిలోంచి రొట్టె తీస్తాడు గానీ బొద్దింకని చూస్తే కుర్చీ ఎక్కుతాడంది. కత్తెర కళ్ళు మెరవడం మొదలుపెట్టాయి. అప్పుడు అక్క, "అయితే ఒకటి. ఆ నాలుగో పాట సంగతి నువ్వే వెళ్ళి ఆయనకి చెప్పాలి. నేను చెప్పను" అంది.

కత్తెర బుధవారం బేకరీ వెనక గుమ్మం దగ్గర తచ్చాడాడు. రెండుసార్లు వచ్చి, రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్ళిపోయాడు. మూడోసారి ఉరుమే పిండి చేతులతో బయటికొచ్చి, లోపలికి రమ్మని తల ఆడించాడు. పొయ్యి వేడికి లోపల నిలబడటమే కష్టంగా ఉంది. చెమట పట్టడానికి కత్తెరకి ఇంకో కారణం కూడా ఉంది.

"మీ మీద ఒక పాట ఉందండి. ఆల్బంలో..."

"నా... నాలుగోదా?" అన్నాడు ఉరుము.

కత్తెర ఉలిక్కిపడి తలూపాడు.

ఉరుము ట్రే ఒకటి లోపలికి తోసి, తలుపు మూసి, చేతులు తుడుచుకున్నాడు. మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు. "పోయినేడు కాలేజీలో పాడావుగా. నేను కిందే ఉన్నాను. మా అమ్మ కూడా ఉంది. తర్వాత మా వంతు కదా, చూద్దామని వచ్చింది."

"అమ్మగారు ఏమన్నారు?"

"నవ్వే... నవ్వేవాళ్ళని చూసి తనూ నవ్వబోయింది. తర్వాత నా వైపు చూసింది."

కత్తెర దగ్గర దారంతా కూడబలుక్కొచ్చిన మాటలున్నాయి, రెండు ప్రాసలు కూడా కుదిరాయి. అవేవీ బయటికి రాలేదు.

"తప్పయిందండి" అన్నాడు. "మీకు నత్తి ఉండేదని తెలిసే రాశాను. తెలీక కాదు. ఆ పాట తీసేశాను. ఇంకెక్కడా పాడను. అమ్మగారికి కూడా వచ్చి చెప్తాను."

ఉరుము రొట్టెలు చూసొచ్చాడు. రెండు ట్రేలు బయటికి తీశాడు. ఒకటి వేడివేడిగా తెంపి కత్తెర చేతిలో పెట్టాడు.

"ఫర్వాలేదు అనను. అప్పుడు చాలా క... కష్టమనిపించింది. ఇప్పుడు వచ్చావు కాబట్టి సరే." తర్వాత మూతి కొంచెం పక్కకి వంచి, "మిగతా పాటలు విన్నాను, నాలుగోది దాటేసి మీ అక్క వినిపించింది. తిట్లు బాగున్నాయి. కానీ ఒక్కడినే తిడితే ఎలా? నాకూ ఒక చరణం కావాలి" అన్నాడు.

"మా ఆల్బంలోనా?"

"బావమరిదివి. ఊరికే వదిలేస్తానా?"

ఈ సంగతి టీచరమ్మకి చెప్పడానికి కత్తెర ఇంకో రెండు రోజులు భయపడ్డాడు. విన్నాక ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "బావగారూ అన్నది సంబోధన" అంది. "దీర్ఘంతో ముగుస్తుంది. తాళం మీద పడకుండా తాళానికి తర్వాత పడితే..." అని బల్ల మీద వేళ్ళతో కొట్టి చూసుకుంది. మొహం వెలిగింది. "ఛీ, ఇన్నాళ్ళూ 'ఒరేయ్' అని ఎందుకు ఏడ్చాం మనం? మర్యాదలో ఇంత తిట్టు ఉందని ఎవరూ చెప్పలేదే!"

ఆదివారం పరుపుల షాపు నిండిపోయింది. చూస్తానని అమ్మ వచ్చింది. అక్క వచ్చింది. షాపతను అమ్మని అన్నిటికన్నా మెత్తటి పరుపు మీద కూర్చోబెట్టాడు, కొంటుందనుకుని. షాపుకీ స్టూడియోకీ మధ్యనున్న అద్దం అవతల కత్తెర మొదలుపెట్టాడు.

సినిమాకెళితే పేర్లు పడగానే గురకండీ, బావగారూ!
పావురమొస్తే పక్కవీధికి పరుగండీ, బావగారూ!
మైకు ముందర ఉరుములండీ, మెరుపులండీ, మరి
బొద్దింకొస్తే కుర్చీ మీద ఎవరండీ, బావగారూ?

అమ్మ రెండో వరుసకే కొంగు నోట్లో కుక్కుకుంది. సౌండాయన, "ఊఁ, ఊఁ" అని రెండుసార్లు అన్నాడు. అది ఆ గదిలో ఎన్నడూ ఎరగని సంగతి.

తర్వాత ఉరుము మైకు ముందుకొచ్చాడు. కత్తెర చేతులు కట్టుకుని, ఏమంటాడులే అన్నట్టు గోడకి ఆనుకున్నాడు.

ఊరందరికీ క్రాఫులు తీర్చే బావమరిదీ,
నీ నెత్తి మీది నాలుగింటికి కాపలా ఎవరిదీ?
గంటసేపు అటు దువ్వి, ఇటు దువ్వి దాస్తావు,
ఫ్యాను గాలికి ఆ రహస్యం తెలియనిదా, బావమరిదీ?

కత్తెర చెయ్యి దానంతటదే నడినెత్తి మీదికి పోయింది. అక్కడ రూపాయి బిళ్ళంత బట్టతల ఉందన్న సంగతి ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు. అద్దం లోంచి ఆ మనిషి వైపు చూశాడు. అక్క షాపులో పరుపుల ధరల చీటీ శ్రద్ధగా చదువుకుంటోంది.

"నువ్వా!" అన్నాడు కత్తెర బయటికొచ్చి.

"ఇద్దరూ నాకు సమానమేగా" అంది అక్క.

రెండో చరణంలో ఒకచోట ఉరుముకి మాట అడ్డం పడింది. పాడేటప్పుడు అతనికి అలా ఎప్పుడూ జరగదు. కొత్త గది, ఇంటివాళ్ళంతా చూస్తున్నారు, అందుకేమో. సౌండాయన మిషన్ ఆపబోయాడు. కత్తెర వద్దని చెయ్యి పట్టుకున్నాడు. ఎవరూ మాట అందించలేదు. ఎంతసేపు పట్టిందో అంతసేపూ పట్టింది, మాట వచ్చింది, పాట ముందుకు సాగింది. అయ్యాక సౌండాయన, "అది కూడా ఉంచుదామా? బాగుంది" అన్నాడు. ఉరుము తల అడ్డంగా ఊపాడు. "వద్దు. అది పాటకి సంబంధించింది కాదు. మళ్ళీ పాడతా." మళ్ళీ పాడాడు. ఈసారి నున్నగా వచ్చింది.

కత్తెర తర్వాతి వారం ఒక సాయంత్రం రైలుపట్టాలు దాటి ఉరుము వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆవిడ జుట్టు చివర్లు సమంగా కత్తిరించి వచ్చాడని అక్కకి తెలిసింది.

ఆల్బం మూడు నెలలకి బయటికొచ్చింది. పాత పేరు తీసేసి 'బావగారూ' అని పెట్టారు. నాలుగో పాట చోట సౌండాయన చేసిన ఉత్త తాళం ఒకటి ఉంది. నిజానికి అందరికీ నచ్చలేదు. ఇద్దరూ కొట్టుకుంటారని అయిదేళ్ళు ఎదురుచూసినవాళ్ళు బాగా నొచ్చుకున్నారు. ఉరుము అభిమాని ఒకడు సెలూన్‌కి వచ్చి, కుర్చీలో కూర్చుని మరీ, "ఇది మోసమండీ" అని దెబ్బలాడాడు. కత్తెర వాడికి క్రాపు చేస్తూ అంతా విన్నాడు. కత్తెర చేతిలో కత్తి ఉంది గనక వాడే కొంచెం తగ్గి మాట్లాడాడు. కానీ బావలూ బావమరుదులూ ఉన్న ఇళ్ళలో మాత్రం ఆ పాట పట్టుకుంది. టీచరమ్మ స్కూల్లో పిల్లలు హెడ్మాస్టర్ని చూడగానే "బావగారూ" అని దీర్ఘం తియ్యడం మొదలుపెట్టారు. ఆవిడకి మెమో వచ్చింది. దానిలో ఉన్న రెండు అక్షరదోషాలకి ఎర్ర సిరా చుట్టి ఆవిడ తిరిగి పంపించింది.

అక్క పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో పావుగంటలో అయిపోయింది. ఆ మధ్యాహ్నం టీచరమ్మతో సహా ఇంట్లో అందరూ కూర్చుని ఆల్బం మొదటి నుంచి చివరిదాకా విన్నారు. పాటలన్నీ అయ్యాక అందరూ అమ్మ మొహం చూశారు.

"బాగానే ఉంది" అంది అమ్మ. "కానీ అంత తొందరెందుకురా మీకు? ఒక్కొక్క మాటా నిదానంగా అంటే, తిట్టినట్టు ఇంకా బాగా తెలుస్తుంది కదా."

కత్తెర ఏదో చెప్పబోయాడు. ఉరుము మోచేత్తో పొడిచి, "ఆవిడ చెప్పింది రా... రాసుకో" అన్నాడు. టీచరమ్మ అప్పటికే రాసుకుంటోంది.